ముఖంపై మిగిలిపోయే ఎర్రమచ్చలు, గుంటలు: నెల్లూరు తీరం

మొటిమ మాని, పొక్కు రాలి, గాయం పూడిన తరువాత కూడా ముఖచర్మం మీద నెలలు, ఏళ్లు నిలిచిపోయే ఎరుపు, నలుపు, గుంట, గడ్డ అన్నిటినీ వాడుకలో మచ్చలనే అంటారు. చర్మవైద్యం వీటిని రెండు తెగలుగా విడదీస్తుంది. మొదటి తెగలో రంగు ఒక్కటే మారుతుంది. వేలితో తడిమితే చర్మం చదునుగానే తగులుతుంది. రెండో తెగలో చర్మం ఆకారమే చెడుతుంది. గుంట పడుతుంది, లేదా గట్టిపడి ఉబ్బుతుంది. రంగుమచ్చ కాలం గడిచేకొద్దీ చాలావరకు దానంతటదే మాసిపోతుంది. గుంట మాత్రం ఏ పూతమందుకూ పూర్తిగా పూడదు. ఈ తేడా తెలియక, ఎలాగూ మాసిపోయే మచ్చకు మంటపెట్టే మందులు రాసుకునేవాళ్లు, పూడని గుంటకు ఏళ్లతరబడి క్రీములు కొనేవాళ్లు కోకొల్లలు.

ఈ వ్యాసం ఆ మచ్చలను నెల్లూరు తీరం నేపథ్యంలో పరిచయం చేస్తుంది. ఉత్తరాన రామాయపట్నం నుంచి జువ్వలదిన్నె, ఇసకపల్లి, మైపాడు, కృష్ణపట్నం మీదుగా దక్షిణాన పులికాట్ సరస్సు వైపు సాగే తీరం ఇది. 2022 జిల్లాల విభజనలో దక్షిణపు కొస తిరుపతి జిల్లాకు పోయింది. కందుకూరు, రామాయపట్నం వైపు భాగం ప్రకాశం నుంచి వచ్చి చేరింది. సముద్రంలో వేట, ఉప్పు మడులు, రొయ్యల చెరువులు, వెనకవైపు వరి, నిమ్మతోటలు. ఈ పనులన్నీ ఎండలో చేసేవే. మచ్చ విషయంలో అది చిన్న సంగతి కాదు.

స్ఫోటకం మిగిల్చిన ముఖాలు

ఈ తీరంలో ముఖంపై మచ్చ అంటే రెండు తరాల కిందటి వరకు మొటిమ గుర్తుకు వచ్చేది కాదు, స్ఫోటకం గుర్తుకు వచ్చేది. మశూచి, పెద్దమ్మవారు అన్నా అదే. జబ్బు అనకుండా ‘అమ్మవారు పోసింది’ అనేవారు. నెల్లూరు సీమలో ఆ అమ్మవారు పోలేరమ్మ. రామాయపట్నం బాప్టిస్టు మిషన్‌తో సంబంధం ఉన్న అమెరికన్ మిషనరీ విల్బర్ థియొడోర్ ఎల్మోర్ 1915లో వెలువరించిన గ్రామదేవతల అధ్యయనంలో పోలేరమ్మను స్ఫోటక దేవతగానే నమోదు చేశాడు. వెంకటగిరిలో వినాయక చవితి తరువాత జరిగే పోలేరమ్మ జాతర ఇప్పటికీ వేలమందిని రప్పిస్తోంది. ఆ తల్లి పేరు చెప్పి భయపెట్టిన జబ్బు మాత్రం పోయింది.

స్ఫోటకం తీవ్రరూపం నుంచి బతికి బయటపడ్డవారిలో 65 నుంచి 80 శాతం మందికి ముఖాన లోతైన గుంటలు మిగిలేవి. ఒళ్లంతా పొక్కులు పోసినా గుంటలు ముఖం మీదే ఎక్కువ ఎందుకు? కారణం నూనె గ్రంథులు. ముఖచర్మంలో చదరపు సెంటీమీటరుకు 400 నుంచి 900 దాకా ఉండే ఈ గ్రంథులను వైరస్ నాశనం చేసేది. గ్రంథి ఉన్న చోట కణజాలం కుంగి, పీచులాంటి మచ్చ కణజాలం దాన్ని లోపలికి లాగేది. మొటిమ పుట్టేదీ ఈ గ్రంథి దగ్గరే, మొటిమ గుంట పడేదీ ఈ గ్రంథి దెబ్బతిన్నప్పుడే. తాతమ్మ చెంపమీది స్ఫోటకపు గుంటకూ, మనవడి చెంపమీది మొటిమ గుంటకూ మూలం ఒకే చోట ఉందన్నమాట.

టీకా 1802లో మద్రాసుకు చేరింది. అప్పటికి ఏడాది ముందే నెల్లూరు ఈస్టిండియా కంపెనీ పాలనలోకి వచ్చి మద్రాసు ప్రెసిడెన్సీలో కలిసింది. 1905లో చెన్నపట్నం గిండీలో పని మొదలుపెట్టిన కింగ్ ఇన్‌స్టిట్యూట్ మొదటి పనే టీకా ద్రవం తయారుచేసి జిల్లాలకు పంపడం. పాత తరం వాళ్ల చేతిమీద గుండ్రంగా కనిపించే టీకా మచ్చ కూడా ఒక మచ్చే. ముఖాన నూరు గుంటలు పడకుండా చేతికి ఒక్కటి వేయించుకున్నది. స్వాతంత్ర్యం తరువాత 1962లో జాతీయ నిర్మూలన కార్యక్రమం మొదలైంది. ఒక ఊళ్లో స్ఫోటకం ఎప్పటిదాకా తిరిగిందో తెలుసుకోవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ బృందాలు పిల్లల ముఖాలపై గుంటలు లెక్కపెట్టేవి. చిన్న పిల్లల ముఖాలు నునుపుగా ఉండి, పెద్ద పిల్లలకే గుంటలుంటే జబ్బు ఏ ఏడాది ఆగిందో తేలిపోయేది. భారతదేశంలో చివరి కేసు 1975 మేలో కనిపించింది. 1977 ఏప్రిల్‌లో దేశం స్ఫోటకం నుంచి విముక్తమైందని ధ్రువీకరించారు. కాబట్టి ఇవాళ ఈ తీరంలో స్ఫోటకపు గుంటలున్న ముఖం కనిపిస్తే ఆ మనిషి వయసు యాభై దాటినట్టే.

ఆటలమ్మ, అంటే చికెన్‌పాక్స్, ఇంకా ఉంది. దీని పొక్కులు సాధారణంగా గుంట పడకుండానే మానుతాయి. గోటితో గీకినవి, చీము పట్టినవి మాత్రం గుండ్రటి గుంటలుగా మిగులుతాయి, ముఖ్యంగా నుదుట, ముక్కు పక్కన. దురద పెట్టినప్పుడు వేపమండతో నెమ్మదిగా నిమరమని పెద్దవాళ్లు చెప్పడంలో ఈ మేరకు నిజమైన తెలివి ఉంది: గోరు తగలకపోవడమే మందు. స్నానం మాన్పించడంలో ఆ తెలివి లేదు. మురికి చేరిన పొక్కు చీము పడుతుంది, చీము పట్టింది గుంట పడుతుంది.

ఎరుపు, నలుపు

మొటిమ వాచినప్పుడు ఆ చోటికి రక్తం ఎక్కువగా చేరుతుంది. సన్నటి రక్తనాళాలు వెడల్పవుతాయి, కొత్తవి పుడతాయి. వాపు తగ్గినా ఈ నాళాలు వెంటనే సర్దుకోవు. పైన చర్మం పలచగా ఉన్నన్నాళ్లు ఎరుపు బయటికి కనిపిస్తుంది. ఇదే మొటిమ తరువాతి ఎరుపు. వైద్యగ్రంథాల్లో దీనికి విడిగా పేరు పెట్టింది 2013లోనే. అంతకు ముందు దీన్నీ నల్లమచ్చలనూ ఒకే గాటన కట్టేవారు.

నల్లమచ్చ సంగతి వేరు. వాపు వల్ల విడుదలయ్యే రసాయనాలు రంగుకణాలను రెచ్చగొడతాయి. అవి మెలనిన్ ఎక్కువగా తయారుచేస్తాయి. ఆ మెలనిన్ చర్మం పైపొరలోనే ఉంటే మచ్చ గోధుమరంగులో ఉండి ఆరు నెలల నుంచి ఏడాదిలో మాసిపోతుంది. కింది పొరలోకి జారిపోతే నీలం కలిసిన బూడిదరంగుకు తిరుగుతుంది. అప్పుడు ఏళ్లు పట్టవచ్చు.

తెలుగువాళ్ల చామనఛాయ చర్మంలో ఈ రెండూ కలిసే ఉండటం మామూలు. తెల్లవాళ్ల ముఖాన గులాబీ ఎరుపులో కనిపించేది మన ముఖాన వంకాయరంగులోనో, ఎర్రమట్టి రంగులోనో కనిపిస్తుంది. పైగా రంగు లోతుగా ఉన్న చర్మంలో ఎరుపును డాక్టరు కూడా పట్టుకోలేకపోవచ్చు. ఇంట్లోనే చేసుకోగల ఒక పరీక్ష ఉంది. పారదర్శకమైన గాజుగ్లాసు అంచును మచ్చ మీద నొక్కి చూడాలి. ఒత్తిడికి రక్తం పక్కకు జరిగి రంగు పోతే అది నాళాల ఎరుపు. నొక్కినా రంగు కదలకపోతే మెలనిన్. కొంత పోయి కొంత మిగిలితే రెండూ ఉన్నట్టే. మందుల ఎంపిక దీన్నిబట్టే మారుతుంది: మెలనిన్ తగ్గించే క్రీము నాళాల ఎరుపును ఏమీ చేయలేదు.

గుంటలు, గడ్డలు

చర్మం లోపలి పొరలో కొల్లాజెన్ అనే పీచు ఉంటుంది. వాపు లోతుగా దిగినప్పుడు ఆ పీచు కరిగిపోతుంది. మానేటప్పుడు కరిగినంత తిరిగి రాకపోతే గుంట, కరిగినదానికన్నా ఎక్కువ వస్తే గడ్డ. మొటిమల తరువాత గుంటే ఎక్కువగా పడుతుంది.

గుంటలను 2001లో జేకబ్, డోవర్, కామినర్ అనే ముగ్గురు అమెరికన్ వైద్యులు మూడు రకాలుగా విడదీశారు. ఆ పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. మొదటిది సూదిపోటు గుంట: పైన రెండు మిల్లీమీటర్ల కన్నా సన్నగా, లోపలికి లోతుగా దిగుతుంది. రెండోది పెట్టె గుంట: అంచులు నిటారుగా, అడుగు చదునుగా ఉంటుంది, ఆటలమ్మ గుంటలు చాలావరకు ఇలాంటివే. మూడోది అలల గుంట: నాలుగైదు మిల్లీమీటర్లకు మించిన వెడల్పుతో, అంచు ఎక్కడ మొదలైందో తెలియకుండా ఉంటుంది. దీని అడుగున పీచు తాళ్లు చర్మాన్ని కిందికి కట్టిపడేస్తాయి. దీపం ఎదురుగా ఉంటే కనిపించక, పక్కనుంచి పడితే బయటపడే గుంట ఇదే. ఒకే చెంప మీద మూడు రకాలూ ఉండొచ్చు, మూడింటికీ చికిత్స వేరు.

గడ్డల్లో గాయం హద్దులోనే ఉబ్బేవి కొన్ని, హద్దు దాటి పక్క చర్మంలోకి పాకేవి కొన్ని. రెండోవాటిని కెలాయిడ్ అంటారు. ముఖాన ఇవి దవడ అంచున, చెవి తమ్మె మీద వస్తాయి. చెవులు కుట్టించిన చోట పుట్టేవి అందరూ చూసినవే. కెలాయిడ్‌ను ఊరికే కోసి తీసేస్తే ఎక్కువసార్లు మునుపటికన్నా పెద్దదిగా తిరిగొస్తుంది. ట్రయామ్సినొలోన్ సూదిమందు గడ్డలోకే నెలకోసారి ఇవ్వడం, సిలికాన్ జెల్ పూయడం మొదటి దారి.

గుంట పడకుండా చూసుకోవడమే అన్నిటికన్నా చవకైన చికిత్స. వాచిన మొటిమ ఎంతకాలం చికిత్స లేకుండా ఉంటే గుంట పడే అవకాశం అంత పెరుగుతుంది. వయసులో వస్తాయి, వయసుతో పోతాయి అని ఇంట్లో సర్దిచెప్పే మాటలో సగమే నిజం: మొటిమలు పోతాయి, గుంటలు పోవు. ఇక గిల్లడం. గోటితో నొక్కినప్పుడు చీము బయటికి వచ్చినంతే లోపలికీ పగులుతుంది.

ఎండ

నెల్లూరు సుమారు 14.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్ చివరిరోజుల్లో, మళ్లీ ఆగస్టు మధ్యలో, మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మబ్బు లేని వేసవి మధ్యాహ్నం ఇక్కడ అతినీలలోహిత సూచిక 11 దాటుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో అది అత్యంత తీవ్రం. రోహిణి కార్తె ఎండలకే మనం భయపడతాం కానీ, చర్మం రంగు పెంచేది వేడి ఒక్కటే కాదు, అతినీలలోహిత కిరణం కూడా. అది చల్లటి గాలి వీచే తీరంలోనూ అంతే బలంగా పడుతుంది. గాలి చల్లగా ఉండటంతో మనకు తెలియదంతే.

తీరంలో ఎండ పైనుంచే కాదు, కిందినుంచి కూడా వస్తుంది. పొడి ఇసుక తన మీద పడ్డ అతినీలలోహిత కిరణాల్లో సుమారు 15 శాతాన్ని, సముద్రపు నురుగు 25 శాతాన్ని వెనక్కి కొడతాయి. తలపాగా, టోపీ పైవాటిని ఆపుతాయి. దవడ కిందికి, ముక్కు కిందికి వచ్చేవాటిని ఆపలేవు. తెల్లటి ఉప్పు మడుల్లో పారతో ఉప్పు ఎత్తేవాళ్లు, ఒడ్డున చేపలు ఏరి అమ్మే ఆడవాళ్లు ఇలా రెండువైపులా కాలే పనుల్లో ఉన్నారు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పుతీరంలో వేట నిషేధం. సూర్యుడు మొదటిసారి నడినెత్తికి వచ్చే ఏప్రిల్ చివరిరోజులు ఈ 61 రోజుల్లోనే పడతాయి. పడవలు ఒడ్డెక్కినా వలలు బాగుచేసుకునే పని ఇసుక మీదే సాగుతుంది.

మొటిమ ఎర్రమచ్చ మీద ఈ ఎండ పడితే రంగుకణాలు మళ్లీ రెచ్చిపోతాయి. మూడు నెలల్లో మాసిపోవలసిన ఎరుపు నల్లగా తిరిగి ఏడాది నిలబడుతుంది. అందుకే మచ్చల చికిత్సలో మొదటి మందు నీడ, రెండోది సన్‌స్క్రీన్. ఎస్.పి.ఎఫ్. 30 ఆపైన ఉన్నది, ముఖానికి మెడకు కలిపి రెండు వేళ్ల పొడవున పిండినంత రాయాలి. జనం రాసేది సాధారణంగా ఇందులో సగం కూడా ఉండదు. అందుకే డబ్బా మీది అంకె ఇచ్చిన రక్షణ ముఖానికి అందదు. చెమట, ఉప్పునీళ్లు తగిలే పనుల్లో రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. చామనఛాయ చర్మంలో మామూలు వెలుతురు కూడా, ముఖ్యంగా అందులోని నీలికాంతి, రంగు పెంచుతుంది. తెల్లటి సన్‌స్క్రీన్ దాన్ని ఆపదు. ఐరన్ ఆక్సైడ్ కలిపిన, చర్మపు రంగులో ఉండే రకం ఆపుతుంది. పడవ మీద పనిచేసేవాడికి రెండు గంటలకోసారి క్రీమంటే నడిచే మాట కాదు. ముక్కు, చెంపలు కప్పేలా చుట్టుకున్న ముదురురంగు నూలు తువ్వాలు అతనికి ఎక్కువ ఉపయోగం.

వంటింటి వైద్యం

పొదలకూరు, గూడూరు నిమ్మ మార్కెట్లు రాష్ట్రమంతటికీ తెలిసినవి. నిమ్మకాయ కోసి ముఖానికి రుద్దుకోవడం ఈ ప్రాంతంలో కొత్త సలహా కాదు. ఇది మానవలసిన అలవాటు. నిమ్మ తొక్కలో, రసంలో ఫ్యూరోకౌమరిన్లు అనే పదార్థాలుంటాయి. అవి చర్మం మీద ఉండగా ఎండ పడితే ఆ చోట చర్మం కాలినట్టు ఎర్రబడి, బొబ్బలెక్కి, తరువాత ముదురు గోధుమరంగు చారలుగా నెలల తరబడి నిలుస్తుంది. నిమ్మతోటల్లో కాయ కోసేవాళ్ల చేతులకు, షర్బత్ పిండేవాళ్ల వేళ్లకు ఇలాంటి మరకలు పడటానికి కారణం ఇదే. మచ్చ పోవడానికి రాసిన రసమే కొత్త మచ్చ పెడుతుంది, అదీ నెల్లూరు ఎండలో.

పసుపు అంత చేటు చేయదు. వాపును కొంత తగ్గించే గుణం కర్క్యుమిన్‌కు ఉంది. అయితే పసుపు రాసిన ముఖం బాగుందనిపించడంలో పసుపురంగు మచ్చను కప్పేయడానిదీ కొంత పాత్ర. కొందరికి పడదు కూడా. సెనగపిండి జిడ్డు తీస్తుంది, మచ్చ తీయదు. పలుకులు పలుకులుగా ఉండే పిండితో గట్టిగా రుద్దితే వాచిన మొటిమలు పగులుతాయి. తలకు పట్టించిన కొబ్బరినూనె, ఆముదం నుదుటి మీదికి కారితే అక్కడ చిన్న చిన్న మొటిమలు లేస్తాయి. ఈ రకాన్ని 1970లోనే వైద్యులు విడిగా గుర్తించారు.

బొట్టు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. స్టిక్కర్ బొట్టు జిగురులో ఉండే పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ కొందరిలో రంగుకణాలను చంపుతుంది, నుదుట గుండ్రటి తెల్లమచ్చ పడుతుంది. కృత్రిమ రంగులు కలిపిన కుంకుమ, తిలకం కొందరికి దురద తెచ్చి నల్లమచ్చ మిగులుస్తాయి. రెండింటికీ మొదటి వైద్యం ఆ సరుకు మానడమే.

పత్యం గురించి ఒక్క మాట. గాయమున్నప్పుడు వంకాయ, గోంగూర, నీచు తింటే చీము పడుతుందన్నది తెలుగునాట గట్టి నమ్మకం. చేపల పులుసుకు పేరుపడ్డ ఊళ్లో ఈ పత్యం పాటించడం కష్టమే, పాటించవలసిన అవసరమూ లేదు. చేపకు చీముకు సంబంధం లేదు. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి, చేపలో అవి దండిగా ఉన్నాయి. మొటిమలతో కొంతవరకు సంబంధం తేలిన తిండి తీపి పానీయాలు, మైదా, ఎక్కువ పాలపొడి ప్రోటీన్లు.

మెడికల్ షాపు ట్యూబు

ఇవాళ తెలుగు ముఖాలకు మొటిమకన్నా ఎక్కువ చెరుపు చేస్తున్నది చీటీ లేకుండా కొని రాసుకునే స్టెరాయిడ్ క్రీము. బీటామెథసోన్, మొమెటసోన్, క్లోబెటసాల్, లేదా హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్‌లతో స్టెరాయిడ్ కలిపిన మూడు మందుల మిశ్రమం. ఈ మిశ్రమానికి మూలమైన సూత్రం 1975లో అమెరికన్ చర్మవైద్యుడు ఆల్బర్ట్ క్లిగ్మన్‌ది. అది కొద్దివారాలు, డాక్టరు కనుసన్నల్లో, మంగు వంటి నల్లమచ్చలకు వాడవలసిన మందు. మన దగ్గర అది తెల్లబడే క్రీముగా ఏళ్లపాటు నడుస్తోంది.

మొదటి వారం ఫలితం అద్భుతంగా ఉంటుంది. స్టెరాయిడ్ రక్తనాళాలను బిగిస్తుంది కాబట్టి ఎరుపు మాయమవుతుంది, ముఖం తెల్లబడుతుంది. నెలలు గడిచేసరికి చర్మం పలచబడి, ఎర్రటి సన్న నరాలు పైకి తేలి, మీసాల చోట, చెంపల మీద వెంట్రుకలు పెరిగి, కొత్త మొటిమలు లేస్తాయి. ఆపితే రెండు మూడు రోజుల్లో ముఖం మండిపోతుంది. దాంతో మళ్లీ రాస్తారు. ఇలా చిక్కుకున్న ముఖానికి భారతీయ చర్మవైద్యులే ఒక పేరు పెట్టారు: స్టెరాయిడ్ చెరిచిన ముఖం. 2011లో ప్రచురితమైన పన్నెండు కేంద్రాల అధ్యయనంలో ముఖచర్మ సమస్యలతో వచ్చిన 2,926 మందిలో 433 మంది, అంటే 14.8 శాతం, స్టెరాయిడ్ రాసుకుంటున్నవాళ్లే. 2018లో కేంద్రప్రభుత్వం ముఖ్యమైన స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. చట్టం ప్రకారం డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదు. అంగడిలో ఆ చట్టం ఎంత నడుస్తోందో ఏ మెడికల్ షాపు ముందు పది నిమిషాలు నిలుచున్నా తెలుస్తుంది.

స్టెరాయిడ్ కన్నా మోసకారి పాదరసం. ఊరూపేరూ లేని, తయారీదారు చిరునామా లేని తెల్లబడే క్రీముల్లో ఇది ఉంటుంది. కేరళలోని మలప్పురం జిల్లాలో 2021–23 మధ్య ఒక రకం మూత్రపిండ వ్యాధితో వచ్చిన 22 మందిలో 15 మందికి ప్రత్యేకమైన ఒక గుర్తు కనిపించగా, వారిలో 13 మంది ఇలాంటి క్రీములు వాడినట్టు ఒప్పుకున్నారు. ముఖానికి రాసింది మూత్రపిండాల దాకా పోయిందన్నమాట.

చికిత్స

మొటిమలు ఇంకా లేస్తుండగా మచ్చలకు వైద్యం మొదలుపెట్టడం కారే కప్పు కింద నేల తుడవడమే. ముందు మొటిమలు ఆగాలి. తేలికపాటి వాటికి బెంజాయిల్ పెరాక్సైడ్, అడాపలీన్ పూతలు చాలు. గడ్డలు కట్టి గుంటలు పడే రకానికి ఐసోట్రెటినోయిన్ మాత్రలు ఇస్తారు. అమెరికాలో 1982లో అనుమతి పొందిన ఈ మందు ఇప్పటికీ అన్నిటికన్నా బలమైనది. గర్భిణి వాడితే పిండానికి ఘోరమైన లోపాలు వస్తాయి. కాబట్టి వాడుతున్నంత కాలం, ఆపిన తరువాత మరో నెల గర్భం రాకుండా చూసుకోవాలి. పెళ్లి కుదిరిందని తొందరపడి మచ్చల వైద్యానికి వచ్చే అమ్మాయిలకు ఈ సంగతి డాక్టరు తప్పక చెప్పాలి, చెప్పకపోతే వాళ్లే అడగాలి.

చదునైన నల్లమచ్చలకు అజిలాయిక్ ఆమ్లం, నియాసినమైడ్, రెటినాయిడ్ పూతలు పనిచేస్తాయి. ఫలితానికి మూడు నాలుగు నెలలు ఆగాలి. నాళాల ఎరుపుకు ఇవి కొంతే సాయం. అక్కడ కాలమే పెద్ద మందు. ఏడాది దాటినా పోని ఎరుపుకు 595 నానోమీటర్ల డై లేజర్ వాడతారు. రక్తంలోని ఎరుపు ఆ కాంతిని పీల్చుకుని నాళం మూసుకుంటుంది, చుట్టూ ఉన్న చర్మం మిగులుతుంది. ఒక రంగు కాంతితో ఒక లక్ష్యాన్నే కొట్టవచ్చన్న ఈ సూత్రాన్ని 1983లో ఆండర్సన్, పారిష్ ప్రకటించారు. చర్మం రంగు ముదిరేకొద్దీ మెలనిన్ కూడా ఆ కాంతిని తాగేస్తుంది, కాల్చిన చోట నల్లమచ్చ పడుతుంది. అందుకని మన చర్మానికి తక్కువ శక్తితో, ఎక్కువ విడతల్లో చేయాలి.

ఇక గుంటల వైద్యం. 1905లో జర్మన్ వైద్యుడు క్రోమాయర్ తిరిగే పనిముట్లతో చర్మాన్ని అరగదీసే పద్ధతి మొదలుపెట్టాడు. 1950లలో అది బాగా వ్యాపించింది. ముదురురంగు చర్మానికి మచ్చలు పడటంతో మన దగ్గర దానికి ఇప్పుడు పెద్ద చోటు లేదు. సూదిపోటు గుంటలకు 2002లో కొరియా వైద్యులు ప్రచురించిన పద్ధతి వాడతారు: గాఢమైన ట్రైక్లోరో ఎసిటిక్ ఆమ్లాన్ని పుల్లకొనతో గుంటలోపలే అద్దుతారు. అలల గుంటలకు సబ్సిషన్: చర్మం కిందికి సూది దూర్చి, కట్టిపడేసిన పీచు తాళ్లను తెంపుతారు. పెట్టె గుంటలకు, మొత్తం చెంపకు సూదుల రోలరు, పెన్ను, లేదా 2004 నుంచి వాడుకలోకి వచ్చిన ఫ్రాక్షనల్ లేజర్. ఇది చర్మమంతా కాల్చకుండా సన్నటి చుక్కలుగా కాల్చి, మధ్యలో మంచి చర్మాన్ని వదిలిపెడుతుంది. ఏ పద్ధతైనా నాలుగు వారాల ఎడంతో నాలుగైదు విడతలు కావాలి. సగం మేర మెరుగుపడితే మంచి ఫలితమే. ‘పూర్తిగా పోగొడతాం’ అని ప్రకటన ఇచ్చే క్లినిక్కు గడప తొక్కకపోవడం మంచిది.

పూతల్లో గుంటల మీద నిజంగా కొంత ఫలితం చూపింది ఒక్క రెటినాయిడే. అడాపలీన్ 0.3 శాతం, బెంజాయిల్ పెరాక్సైడ్ కలిపిన పూతను ఒకవైపు చెంపకు 24 వారాలు వాడినప్పుడు గుంటల సంఖ్య 15.5 శాతం తగ్గింది. మందు లేని పూత రాసిన రెండోవైపు చెంపన 14.4 శాతం పెరిగింది. గమనించవలసింది రెండో అంకె: ఏమీ చేయకపోతే గుంటలు పెరుగుతాయి.

లేజర్, సూదుల చికిత్సలకు ఈ తీరంలో కాలం ఎంచుకోవాలి. ఈశాన్య రుతుపవనం తగ్గుముఖం పట్టాక డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువు. మార్చి తరువాత చేయించుకుని ఎండలోకి వెళ్లేవాళ్లకు డబ్బు ఖర్చు, నల్లమచ్చ మిగులు. నెల్లూరులో ప్రభుత్వ ఏ.సి.ఎస్.ఆర్. వైద్యకళాశాల ఆసుపత్రిలో, చింతారెడ్డిపాళెంలోని నారాయణ వైద్యకళాశాల ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగాలున్నాయి.

మచ్చ అనుకునేవి, మచ్చ కానివి

గర్భం సమయంలోనో తరువాతో రెండు చెంపల మీద సరిసమానంగా కమ్ముకునే మంగు గాయం మిగిల్చిన మచ్చ కాదు; హార్మోన్లు, ఎండ కలిసి తెచ్చేది. కణతలు, మెడ మందంగా నల్లబడితే చక్కెర పరీక్ష చేయించుకోవాలి. ముక్కు మీదుగా రెండు చెంపలకు రెక్కల్లా పరచుకున్న ఎరుపు ఎండకు పెరుగుతూ, కీళ్లనొప్పులు, జుట్టు రాలడం తోడైతే అది లూపస్ కావచ్చు. అంచు ఎర్రగా లేచి, మధ్య తేరుకుంటూ, దురదతో పాకేది తామర. తేమగా ఉండే తీరంలో ఇది సాధారణం, స్టెరాయిడ్ రాస్తే రూపం మార్చుకుని డాక్టరునూ తికమక పెడుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది కుష్ఠు. ముఖాన పాలిపోయిన, లేదా ఎర్రటి రాగిరంగు మచ్చ వచ్చి, దురద లేక, నొప్పి లేక, దూదితో తాకినా సరిగ్గా తెలియకపోతే అది మొటిమ మచ్చ కాదు. దేశం మొత్తం మీద కుష్ఠు 2005 చివరికి పదివేలకు ఒక్క కేసు కన్నా దిగువకు చేరింది. అంటే తగ్గిందే కానీ పోలేదు. నెల్లూరులో డామియన్ ఫౌండేషన్ ఈ వ్యాధి కోసం కేంద్రం నడుపుతోంది. స్పర్శ తెలియని మచ్చ ఉన్నవాళ్లు క్రీములు మార్చుకుంటూ కూర్చోకుండా దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలి. అక్కడ బహుళ ఔషధ చికిత్స పూర్తిగా ఉచితం. తక్కువ మచ్చలున్న రకానికి ఆరు నెలలు, ఎక్కువున్న రకానికి ఏడాది మందు మింగితే జబ్బు నయమవుతుంది.